గడ్డకట్టిన గంగ

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ దుప్పటి కొస నా కాళ్ళ మీద కూడా వేయండి. దమయంతి సంగతి చెబుతాను.

మిచిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే శ్యామ్‌సుందర్, దమయంతి ఆ ఏడు ఉత్తరాన లేక్ ఒడ్డున చిన్న చెక్కయిల్లు కొన్నారు, వేసవిలో వెళ్ళి ఉండటానికని. గృహప్రవేశంనాడు శ్యామ్ తల్లి లక్ష్మీకాంతమ్మ, కొత్తింటికి మంచిదని తన కాశీచెంబు తెచ్చి దేవుడి అలమరలో పెట్టింది. అరచేతిలో ఇమిడే రాగి చెంబు, మూతికి సీలు, లోపల గంగ. భర్త వీరభద్రంగారితో కాశీ వెళ్ళినప్పుడు అలాంటివి రెండు తెచ్చుకుంది. ఒకటి ఆయన ఆఖరి ఘడియలో విప్పారు. రెండోది తన గొంతులోకని ఆవిడ ప్రాణంలా దాచుకుంది.

మంచు మొదలయ్యేసరికి ఇంట్లో తగువొచ్చింది. మనుషులు లేని ఇంటికి చలికాలమంతా హీటర్ వేసి ఉంచాలా, వద్దా?

"సన్నగా వేసి వదిలేద్దాం. పైపులు గడ్డకట్టవు," అన్నాడు శ్యామ్.

"పవర్ పోతే? హీటర్ ఆగిందని మనకెవరు కాల్ చేస్తారండీ, ఉడతలా? నీళ్ళన్నీ డ్రెయిన్ చేసి ఆపేసిపోదాం," అంది దమయంతి.

"దేవుడున్న ఇల్లమ్మా. చలికి వదిలేస్తామా?" అంది లక్ష్మీకాంతమ్మ.

"శివుడిది కైలాసం అత్తయ్యా. ఆయనకి అలవాటే."

చివరికి కోడలి మాటే నెగ్గింది. దమయంతి పంపు ఆపింది, కొళాయిలన్నీ విప్పింది, సింకు కింది వంపులో గడ్డకట్టని గులాబీరంగు మందు పోసింది. కిటికీలోని పూలగ్లాసు కూడా వంచేసింది. దేవుడి అలమర వైపు మాత్రం ఎవరూ చూడలేదు. అందులో ఉన్నది గంగ. నీళ్ళని ఎవరికి తోస్తుంది?

జనవరిలో ఒక పొద్దున లక్ష్మీకాంతమ్మ, కారులో మరిచిపోయిన గాజుసీసా తెచ్చుకోబోయింది. నీళ్ళు గడ్డకట్టి సీసా నిలువునా చీలి ఉంది. దాన్ని పట్టుకుని గబగబా ఇంట్లోకొచ్చింది.

"అమ్మాయ్, నా చెంబు," అంది.

దమయంతి కోటు అందుకుంది. "నేనే చూడలేదత్తయ్యా. పదండి, వెళ్దాం."

శ్యామ్ డ్రైవ్ చేస్తూ దారి పొడుగునా సణిగాడు. "హీటర్ ఉంచుదామంటే విన్నావా?" ఇక నా నోట్లో కొళాయి నీళ్ళే కాబోలు అనుకుంది లక్ష్మీకాంతమ్మ.

చెక్కయింట్లో ఊపిరి వదిలితే పొగలా కనబడుతోంది. వంటింటి గడియారంలో అంకెలు ఆరి ఆరి వెలుగుతున్నాయి. అంటే మధ్యలో కరెంటు పోయి వచ్చిందన్నమాట. శ్యామ్ అది చూసి సణుగుడు మానేసి, చేతులు రుద్దుకుంటూ తిన్నగా హీటర్ వైపు నడిచాడు.

"ఆగండి," అంది దమయంతి. "దాన్ని ముట్టుకోకండి."

అలమరలో చెంబు అడుగు ఉబ్బి, ఓ పక్కకి ఒరిగి ఉంది. అతుకు వెంట చీలిక, అందులోంచి తెల్లగా మంచు. కింద పరిచిన ఎర్రగుడ్డ మాత్రం పొడిగా ఉంది.

"చూశారా అత్తయ్యా, పగిలింది చెంబే. గంగ గడ్డకట్టి అలాగే ఉంది. ఇల్లు వెచ్చబడిందంటే కారిపోతుంది."

లక్ష్మీకాంతమ్మ ఆ పొడిగుడ్డని వేలితో తడిమి తడిమి చూసుకుంది. ఇంత కంగారులో ఈ పిల్లకి ఆ ఊహ ఎలా తట్టిందా అని కోడలి వంక అలాగే చూస్తూండిపోయింది. దమయంతి మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా తెచ్చి చెంబుని అందులో పెట్టింది. డబ్బాలో కరిగినా ఫరవాలేదని కోడలు ఎంత చెప్పినా వినకుండా, ఇల్లు చేరేదాకా కారులో హీటర్ వేయనివ్వలేదు ముసలావిడ. శ్యామ్ పళ్ళు టకటకలాడిస్తూ నడిపాడు.

ఇంట్లో ఆ గంగ మెల్లగా కరిగాక దమయంతి దాన్ని కొత్త సీసాలోకి వంపింది, పైన కాస్త ఖాళీ వదిలి. లక్ష్మీకాంతమ్మ ఆ సీసా మళ్ళీ కోడలి చేతిలోనే పెట్టింది.

"నీ దగ్గరే ఉంచు. నా వేళ వచ్చినప్పుడు నువ్వే పొయ్యాలి."

"నేనున్నానుగా అమ్మా," అన్నాడు శ్యామ్.

"నువ్వు హీటర్ వేస్తావురా."

విన్నారుగా. రేపు మీ పిల్లలకి చెప్పేటప్పుడు చెంబు పగిలిందని చెప్పి ఊరుకోకండి. అంత చలిలో వణుకుతూ కూడా "ఆగండి" అందే, ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకుని చెప్పండి.