మూడువందల ఆరో గది కర్టెన్

హోటల్ మూడో అంతస్తు వరండాలో విశాలాక్షి బాసింపట్టు వేసుకుని కర్టెన్ అంచు మడుస్తోంది, మెడలో ఎప్పటిలాగే కొలత టేపు వేలాడుతోంది, ఆమె పోయి పద్నాలుగు నెలలయిందన్న సంగతి చెల్లెలు హైమవతికి బాగానే గుర్తుంది గానీ, ఎదురుగా కూర్చున్న మనిషితో ఆ మాట అనడం మర్యాద కాదని ఊరుకుంటుంది. ఆకుపచ్చ గుడ్డ వరండా పొడవునా పరుచుకుని, లిఫ్టు దాటి, మెట్లు దిగి, గవర్నరుపేట రోడ్డు మీదికి పోతోంది. ఆటోలూ బస్సులూ హారన్ కొట్టడం మానేసి, గుడ్డ తొక్కకుండా పక్కనుంచి జాగ్రత్తగా వెళుతున్నాయి.

"నిలబడి చూస్తావేంటే, ఆ కొస పట్టుకో," అంటుంది విశాలాక్షి.

హైమ కొస పట్టుకుని కూర్చోగానే కింది మెత్తటి తివాచీ కాస్తా అక్క కుట్టు కొట్టులోని చల్లటి గచ్చయిపోతుంది. ఈ హోటల్ కట్టినప్పుడు నలభై ఎనిమిది గదుల కర్టెన్లూ ఆ కొట్లోనే తయారయ్యాయి. ఏ గదిది ఆ గదికి చేరేలా అంచు మడతలో నంబరు రాయడం అక్క పని, పైకి కనిపించకుండా చేత్తో హెమ్మింగ్ చెయ్యడం హైమ పని. మూడువందల ఆరు దగ్గరే ఇద్దరికీ చెడింది. వంకరగా వచ్చింది, మొత్తం విప్పమని అక్క, మడత లోపల ఎవడు చూడొచ్చాడని హైమ, మాటా మాటా పెరిగి, సగంలో సూది గుచ్చేసి లేచిపోయిన హైమ మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు. ఎనిమిది నెలలు ఇద్దరూ పంతానికి పోయారు, తొమ్మిదో నెలలో అక్క గుండె ఆగిపోయింది.

"అన్నీ కుట్టాక ఇక్కడో రోజు దిగుదామన్నావుగా, వచ్చానక్కా."

"చూశాలే. అడిగి మరీ ఆ గదే తీసుకున్నావు. పరుపు నలుగుతుందని కుర్చీలో కూర్చున్నావు. కాఫీ ఎలా ఉంది?"

"నీళ్ళు."

"అంచు తిప్పి చూశావా?"

హైమ తల అడ్డంగా ఊపుతుంది. "విప్పేసే ఉంటావు. నా చేతి కుట్టు ఒక్కటి కూడా ఉంచి ఉండవు. కోపంతోనే పోయావని కళ్ళారా చూసుకోవడానికి ధైర్యం చాల్లేదక్కా."

విశాలాక్షి సూది ముందుకు చాపుతుంది. "ముందు ఇందులో దారం ఎక్కించివ్వు. నాకు చూపు ఆనట్లేదు."

పదేళ్ళపాటు ఆ కొట్లో ప్రతి సూదికీ దారం ఎక్కించింది హైమే. ఇప్పుడు దారం కొస ఎంత నలిపినా ఎక్కడం లేదు, సూది బెజ్జం ఒకసారి గుమ్మమంత కనిపిస్తుంది, ఒకసారి మాయమైపోతుంది.

"నేను వెళ్ళిపోయాక ఎవరు ఎక్కించారక్కా?"

"ఎవరున్నారు? నేనే, పదిసార్లు గురి చూసుకుని," అని నవ్వుతుంది విశాలాక్షి. తిట్టినా హైమకు ఇంత బాధ ఉండేది కాదు.

"ఒక్కసారి కబురు పెడితే వచ్చేదాన్ని కదా."

"వచ్చేదానివి," అంటుంది అక్క, గుడ్డ అంచు చూసుకుంటూనే. "నేనే పెట్టలేదు. దారం తడి చేసి చూడు."

హైమ దారం తడి చేస్తుంది, ఎక్కుతుంది, ఇదిగో అని చాపేసరికి ఇద్దరి మధ్యా ఆకుపచ్చ గుడ్డ గాలికి లేచి నిలబడుతుంది, అటువైపు కొలత టేపు చప్పుడు దూరంగా పోతుంటుంది, కింద హారన్లన్నీ ఒక్కసారిగా మోగుతాయి.

కళ్ళు తెరిస్తే మధ్యాహ్నం మూడు. కుర్చీలోనే నిద్ర పట్టేసింది. ఏసీ గాలికి కర్టెన్ అడుగు కొద్దిగా కదులుతోంది. హైమ నేల మీద కూర్చుని, అంచు పట్టుకుని తిప్పుతుంది. మడతలో అక్క దస్తూరీతో నంబరు ఉంది. ఆ పక్కనుంచి కర్టెన్ సగం దాకా తన వంకరటింకర కుట్లే ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. అవి ఆగిపోయిన చోట అక్క తన దారం కొసను ఆ దారానికే ముడివేసి, అక్కడినుంచి చివరిదాకా తిన్నగా కుట్టుకుంటూ పోయింది.