వీరేశం వెనక పల్లం

ఆదివారం తెల్లవారి అయిదున్నరకు గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద కలుసుకోవడం, టైర్లలో గాలి నొక్కి చూసుకోవడం, నీళ్ల సీసాలు నింపుకోవడం, చేవెళ్ల దాటి వెళ్లి ఎక్కడో ఓ చోట ఇడ్లీ తిని ఎండ ముదరకముందే తిరిగి రావడం ఆ ముగ్గురికీ రెండేళ్లుగా అలవాటు. సీతారామాంజనేయులుది తెనాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడర్. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక లేక అందరూ అంజి అంటారు. భ్రమరాంబ అదే ఆఫీసులో ఉద్యోగుల భద్రత చూస్తుంది. మంటలొస్తే ఏ మెట్ల మీదుగా దిగాలో, ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే ఏం చెయ్యాలో నేర్పడం ఆమె పని. వీరేశం ఆ ఆఫీసు క్యాబులకు సూపర్‌వైజర్. పుట్టిందీ పెరిగిందీ ఖాజాగూడలో.

వీరేశానికి ఏ రోడ్డైనా పల్లమే. పోయేటప్పుడు పల్లమే, అదే రోడ్డు మీద తిరిగొచ్చేటప్పుడూ పల్లమే. వాళ్ల ఎకరన్నర మెట్ట చెలక కొత్త రోడ్డు కింద పోయినప్పటి నుంచి అంతే. డీజిల్ కలిసొస్తుందని ఆఫీసు డ్రైవర్లు అతన్ని తమ పక్కసీట్లో కూర్చోబెట్టుకోవడానికి పోటీ పడేవాళ్లు. ఖాజాగూడ చెరువు దగ్గర నీళ్ల ట్యాంకర్ ఎత్తెక్కలేక మొరాయిస్తే ఎవరో ఒకరు పరుగెత్తి వీరేశాన్ని పిలుచుకొచ్చేవాళ్లు. అతని వెనక చక్రానికి జానెడు దూరంలో మన ముందు చక్రం పెట్టుకుని వెళ్తే ఆ పల్లం మనకూ దక్కేది. రెండేళ్లుగా అలా వెళ్లి వెళ్లి అంజికి తొక్కడం కన్నా బ్రేకులు పట్టడమే ఎక్కువ అలవాటైంది.

ఆ ఆదివారం మాత్రం అంజి ఆ చక్రం వెనక్కి వెళ్లలేదు.

మూడు వారాల కిందట, సకల జనుల సమ్మె మొదలైన కొత్తలో, ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర మాటా మాటా పెరిగింది. బస్సులు లేవు. క్యాబులు సగమే తిరుగుతున్నాయి. అంజి టీమ్‌లో ఎనిమిది మంది రాలేదు. ఆ చిరాకంతా వీరేశం మీద కక్కాడు. "రాష్ట్రం వస్తే మాత్రం ఏం చేసుకుంటారు? మేం రాకముందు ఇక్కడేముంది, రాళ్లూ రప్పలూ తప్ప?" అన్నాడు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. వీరేశం గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి 'అంజన్నా' అనే పిలుపు పోయి 'సార్' వచ్చింది.

భ్రమరాంబ ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి, రెండోవాడు వస్తున్న సంగతి దాచిపెట్టి రప్పించింది. ఫ్లైఓవర్ కింద ఒకర్నొకరు చూసుకుని ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె హెల్మెట్ బిగించుకుంటూ, "ఎండెక్కుతుంది, పదండి" అంది.

నార్సింగి దాటింది, మొయినాబాద్ దాటింది. వీరేశం, అతని వెనక భ్రమరాంబ హాయిగా జారిపోతున్నారు. అంజి పక్కకు తప్పుకుని ఒక్కడే తొక్కుతున్నాడు. ఈ రోడ్డుకు ఇన్ని ఎత్తులున్నాయని అతనికి అప్పుడే తెలిసింది. తొడలు మండుతున్నాయి, చెమట కళ్లలోకి కారుతోంది. భ్రమరాంబ వెనక్కి తిరిగి, "రావయ్యా, ఎందుకా పంతం?" అని అరిచింది. పంతం కాదు. ఆ మాటన్న నోటితో ఆ పల్లం ఎలా వాడుకుంటాడు? కానీ అది గట్టిగా చెప్పలేక తలూపి ఊరుకున్నాడు.

చేవెళ్ల దాటాక రోడ్డుకు అడ్డంగా మూడు చోట్ల బండరాళ్లు పెట్టి ఉన్నాయి. సైకిళ్లు భుజానికెత్తుకుని దాటారు. మన్నెగూడ ఇంకా కొద్ది దూరం ఉందనగా నడిరోడ్డు మీద పొయ్యిలు వెలుగుతున్నాయి. వంటావార్పు. తారు మీద మూడేసి రాళ్లు పెట్టి పెద్ద గుండిగల్లో అన్నం వండుతున్నారు. యాభై అరవై మంది ఉంటారు. డప్పు మోగుతోంది.

సమ్మెలో ఉన్న బడిపంతులు చెన్నకేశవులు ఎదురొచ్చాడు. "ఊరంతా సమ్మెల ఉంటే మీకు సైకిళ్ల మీద షికారా?"

"షికారే సారూ, ఆదివారం గద" అన్నాడు వీరేశం. "అడ్డం తీయమంటలేం. మోసుకపోతం."

"ఏ ఊరు?"

"నాది ఖాజాగూడ."

"ఈయనది?"

వీరేశం అంజి వైపు చూడలేదు. "ఆయన్నే అడుగుండ్రి."

అంజి లింగంపల్లి అనొచ్చు, చందానగర్ అనొచ్చు. కాపురం ఉంటున్నది అక్కడే. అబద్ధం కాదు. కానీ వీరేశం వింటున్నాడు.

"తెనాలండి."

డప్పు ఆగింది. పొయ్యిలో కట్టె చిటపటలాడటం వినిపించింది. ఎవరో ముందుకు రాబోయారు. గుండిగ దగ్గర గరిటె పట్టుకున్న ముసలామె, పార్వతమ్మట, "తెనాలోళ్లకు ఆకలి కాదా ఏంది? కూసో బిడ్డా, ఇంత తిని పో" అంది.

ఎవరైనా తిట్టి ఉంటే నిలబడేవాడేమో. ఆ మాటకు మాత్రం అంజి నిలవలేకపోయాడు. "వద్దమ్మా, తొందరగా వెళ్లాలండి" అంటూ సైకిల్ ఎత్తుకుని పొయ్యిల మధ్య నుంచి దాటి ఎక్కేశాడు. వెనక భ్రమరాంబ పిలుస్తున్నా ఆగలేదు.

కిలోమీటరు వెళ్లాక ఊపిరి అందక ఒక కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. కాళ్లు కింది గడ్డిలోకి వేలాడేశాడు. కుక్కర్ విజిల్ లాంటి బుస ఒకటి వినిపించింది. అదేమిటో అర్థమయ్యేలోపే ఎడమ మడమ పైన ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. లావుగా, ఒంటి నిండా గొలుసులాంటి మచ్చలతో, ఏ తొందరా లేకుండా అది గడ్డిలోకి వెళ్లిపోయింది.

అతను ఫోన్ చేసిన రెండు నిమిషాల్లో ఇద్దరూ వచ్చారు. మచ్చల సంగతి వినగానే వీరేశం మొహం మారింది. "రక్తపింజర."

"కొయ్యొద్దు, బిగించి కట్టొద్దు, కదలనివ్వొద్దు" అంటూ భ్రమరాంబ ఒక కంది కట్టె తెచ్చి, కాలికి ఆనించి, తువ్వాలుతో వదులుగా చుట్టింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, చేవెళ్ల ఇవతల రాళ్లు తీయించుకుని వచ్చేసరికి గంట పైనే అవుతుందన్నారు. కాలు అప్పటికే మోకాలి దాకా వాచింది. ఉమ్మేస్తే ఎర్రగా పడింది.

చెన్నకేశవులు కూడా వచ్చి చూస్తున్నాడు. అతను తొక్కుకొచ్చింది పాత సైకిల్, వెనక క్యారియర్ ఉంది.

"సారూ, జర మీ సైకిల్ ఇయ్యుండ్రి" అన్నాడు వీరేశం.

పంతులు వెంటనే దిగి, తనే క్యారియర్ పట్టుకుని నిలబడ్డాడు. అంజిని కూర్చోబెట్టి, తన భుజం మీది కండువా తీసి అతని నడుమును సీటెక్కిన వీరేశం నడుముకు కట్టాడు.

వీరేశం పెడల్ మీద కాలు పెట్టాడు. రోడ్డు వంగింది.

అంజి ఇన్నాళ్లూ చూసిన పల్లం వేరు, ఇది వేరు. చేట వంచితే గింజలు జారినట్టు జారిపోతున్నారు. వంటావార్పు దగ్గర జనం దూరం నుంచే చూసి గుండిగలు పక్కకు మోశారు. పార్వతమ్మ మండుతున్న కట్టెలను వట్టి చేతులతో లాగి దారి చేసింది. ఆ సందులోంచి దూసుకుపోతుంటే సెగ మొహానికి కొట్టింది.

చేవెళ్ల ఊరు ఎక్కడో లోతున, బావి అడుగున నీళ్లలా తళుక్కుమంటోంది. మధ్యలో రాళ్ల అడ్డాలున్నాయి. అంజి కళ్లు మూసుకున్నాడు. ఆ పల్లానికి బండరాళ్లు నిలవలేక ఒక్కొక్కటే కదిలి, దొర్లి, మైలురాళ్ల అవతలికి తప్పుకున్నాయి. మూడో అడ్డం దగ్గర మాత్రం ఒక బండ రోడ్డు మధ్యనే దొర్లుతూ వాళ్ల పక్కనే చాలా దూరం వచ్చింది. వీరేశం హ్యాండిల్ బిగబట్టి దానికి వేలెడు సందులో సైకిల్ పోనిచ్చాడు.

అంజి నోట్లో ఉప్పగా రక్తం ఊరుతోంది. భార్య సుబ్బలక్ష్మి గుర్తొచ్చింది. పది గంటలకల్లా వచ్చేస్తానని చెప్పి వచ్చాడు. "వీరేశం, ఆ రోజు నేను..."

"మాట్లాడకు అంజన్నా. గట్టిగ పట్టుకో."

తొమ్మిది పదికి కరిచింది. తొమ్మిది ముప్పైకి దవాఖానలో ఉన్నారు. మధ్యలో పద్దెనిమిది కిలోమీటర్లు. డాక్టరమ్మ రెండు టైములూ రాసుకుంది తప్ప ఏమీ అడగలేదు. గాజు గొట్టంలో పట్టిన రక్తం ఇరవై నిమిషాలైనా గడ్డకట్టలేదు. సూదిమందు ఎక్కించారు, సాయంత్రం మళ్లీ ఎక్కించారు. మర్నాడు పొద్దున గొట్టం వంచి చూస్తే అడుగున ఎర్రటి గడ్డ కదలకుండా నిలబడింది. డాక్టరమ్మ దాన్ని వెలుగులోకి ఎత్తి సుబ్బలక్ష్మికి చూపించింది. రాత్రంతా ఏడవని సుబ్బలక్ష్మి అప్పుడు ఏడ్చింది.

మంచం పక్కన స్టూలు మీద వీరేశం కునుకుతున్నాడు. అంజి అతని చెయ్యి తాకాడు. "ఆ మాటన్నందుకు క్షమించు."

వీరేశం కళ్లు నులుముకున్నాడు. "నన్నన్నవనుకుంటున్నవా? ఆ రాళ్లల్ల దున్నింది మా అమ్మ. లేచి నడిచినంక ఆమెకు చెప్పుకో."

నడవడానికి పన్నెండు రోజులు పట్టింది. కర్ర పట్టుకుని, కుంటుకుంటూ ఖాజాగూడ వెళ్లాడు. అద్దాల బిల్డింగుల వెనక రెండు గదుల ఇల్లు. వీరేశం తల్లి రుక్కమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. వీరేశం కుర్చీ వేసి లోపలికి వెళ్లిపోయాడు. అంజి కుర్చీలో కూర్చోలేదు. కష్టపడి ఆమె ఎదురుగా కిందే కూర్చుని, టీ కొట్టు దగ్గర ఏమన్నాడో దాచకుండా చెప్పాడు.

పర్వాలేదని ఆమె అనలేదు. చేతిలో ఉన్న గింజ తీసి పక్కన పడేసింది.

"రాళ్లే ఉండె బిడ్డా, అబద్ధమేముంది?" అంది. "అన్నింటికీ పేర్లుండె. గొర్లు ఎండకు నీడల పండుకునేది జంటబండ. బాలింతలకు పాలు తక్కువైతే పాలబండకు మొక్కేటోళ్లం. కూతల బండ మీద నిలబడి పిలిస్తే చెరువు అవతల గొర్లు గాసే మా ఆయనకు ఇనపడేది. వీడు పుట్టింది సాకలి బండ నీడల, జొన్న కోస్తుంటె నొప్పులొచ్చినయి. గా బండను పేల్చి మీ ఆఫీసు కట్టిండ్రు."

అంజికి వాచిన కాలు సలుపుతోంది.

రుక్కమ్మ చేట పక్కకు పెట్టి, పక్కనున్న గోనెసంచి మడిచి అతని మడమ కిందికి జరిపింది. "కాలు చాపుకో. ఇంక ఏడు బండలున్నయి. అన్నీ ఇనే తీరిక ఉన్నదా నీకు?"

"ఉందమ్మా, చెప్పండి" అన్నాడు.