దస్తగిరి చేతి ముద్ద

దస్తగిరి కుక్క పేరు దొర. పేరుకే దొర, తినేది జొన్న సంగటి. అది కూడా దస్తగిరి చేత్తో పెడితేనే. ఇంకెవరు పెట్టినా, మాంసం పెట్టినా మన్ను పెట్టినా దానికి ఒకటే. మూతి పక్కకు తిప్పుకొని గోడ వైపు చూస్తా కూర్చునేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కొత్తలో సంగతి ఇది. దస్తగిరి వాళ్ల తాత దూదేకేవాడు. వీడికి ఆ పని అబ్బక, ప్రొద్దుటూరులో ఒక సెట్టిగారి శెనక్కాయల గోడౌనుకు కాపలా కుదిరినాడు. గోడౌను వెనకాలే కొట్టం. కొట్టంలో దస్తగిరి, పెళ్లాం హజరాబీ. వాకిట్లో దొర. పిల్లలు కలగలేదు. అట్లాంటి ఇంట్లో కుక్కకు ఎంత గారాబం జరుగుతాదో నేను చెప్పాల్నా?

దొరకు ముందు ఇంకో కుక్క ఉండేది. కన్నం వేయడానికొచ్చిన దొంగనాయాళ్లు దానికి విషపు ముష్టి గింజల పొడి కలిపిన మాంసం విసిరినారు. నోరులేని జీవం, ఆశపడి తినింది. తెల్లారేసరికి కొయ్యబారిపోయి ఉంది. పోయిన మూటల కోసం సెట్టి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. దస్తగిరి మాత్రం కుక్కను మోసుకుపోయి పెన్నేటి ఇసకలో పూడ్చిపెట్టి వచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత తెచ్చుకున్న కూన ఈ దొర. ఈసారి ఎవడూ విషం పెట్టకూడదని పంతం పట్టినాడు. మాంసం ముక్కలో ఎండుమిరపకాయల కారం కూరి, గోడౌనులో మూటలు మోసే హమాలీల చేతికిచ్చి, "దీనికి పెట్టు మామా" అనేవాడు. కూన ఆత్రంగా మింగేది. కుయ్యో మొర్రో అని గోడౌనంతా పరుగులు తీసేది. వెంటనే దస్తగిరి దాన్ని ఎత్తుకొని, మజ్జిగ తాగించి, మెత్తటి సంగటి తన చేత్తో తినిపించేవాడు. లోకంలో చల్లటి చెయ్యి ఒక్కటే, మిగతావన్నీ మంటలే అని దాని తలకెక్కేదాకా వదల్లేదు.

హజరాబీ చేత కూడా కారం పెట్టించినాడు. మహా తెలివి.

"ఇంట్లో మనిషిని, నేనెందుకు పెట్టాల దానికి కారం?" అనింది ఆమె.

"దొంగోడు నీ చీర కట్టుకోనొస్తే ఏం జేస్తావు? పెట్టమంటే పెట్టు."

"నా చీర కట్టుకునే దొంగోడు యాడుండాడో సూపియ్యి నాకు," అని గొణుగుతానే పెట్టింది. కూన మంచం కిందికి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. వంగి ఎంత బతిమాలినా, ఆమె చెయ్యి కనబడితే వెనక్కి జరిగేది. హజరాబీ ఆరోజు కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. దస్తగిరి మీసం దువ్వుకున్నాడు.

దువ్వుకోడా మరి? సంతకొచ్చినోళ్లు పందెం కట్టి, హోటలు బిర్యానీ తెచ్చి దొర ముందర పెట్టేవాళ్లు. నోట్లోంచి చొంగ కారేది గానీ మూతి ముందుకు పోయేది కాదు. "నా కుక్కకు విషం పెట్టే మొగోడు పుట్టలేదు," అని దస్తగిరి ఊరంతా చెప్పుకొని తిరిగినాడు. ఆ మాటను తలుచుకొని తర్వాత ఎంత కుమిలిపోయినాడో.

దస్తగిరికి దగ్గు మొదలైనప్పుడు శెనక్కాయల దుమ్ము అనుకున్నారు. దగ్గులో నెత్తురు పడినాక జమ్మలమడుగు ఆస్పత్రికి పోయి పెద్ద డాక్టరమ్మకు చూపించుకున్నాడు. క్షయ అనింది ఆమె. మదనపల్లె కాడ ఆ రోగానికుండే ఆస్పత్రిలో చేరమనింది.

"మళ్లా ఎప్పుడు రావొచ్చు తల్లీ?" అని అడిగినాడు.

ఆమె తల ఎత్తకుండా చీటీ రాసుకుంటా ఉండిపోయింది. దస్తగిరికి అర్థమైపోయింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని వాడు దిగులుపడింది తన ప్రాణం గురించి కాదు. హజరాబీకి ఎర్రగుంట్లలో అన్నదమ్ములుండారు, ఎట్లోగట్ల చూసుకుంటారు. దొరకు కూడు ఎవరు పెడతారు? ఎవరు పెడితే తింటుంది అది?

ఇంటికొచ్చి పెళ్లానికి రోగం సంగతి, కుక్క సంగతి ఒక్కసారే చెప్పినాడు. ఆమె కళ్లు తుడుచుకొని లేచి, "ఏది పెడితే తింటాదో సూద్దాం," అనింది.

అప్పటినుంచి మొదలైంది. ఒకనాడు తలకాయ కూర. ఒకనాడు కోడిగుడ్డు. పాలలో నానబెట్టిన బన్ను. పాయా. గోడౌను గుమాస్తా వరదరాజులు తన ఇంటినుంచి నెయ్యి కలిపిన అన్నం తెచ్చి పెట్టినాడు. తల ప్రాణం తోకకొచ్చింది గానీ కుక్క నోరు తెరవలేదు. హజరాబీ ముద్ద పట్టుకొని దగ్గరికి పోతే, కూనప్పటి మాదిరే వెనక్కి జరిగేది.

"కడుపు కాలితే అదే తింటాది. నువ్వు నా ఇంట్లో దాక్కో," అన్నాడు వరదరాజులు.

దస్తగిరి పోయి ఆయన అరుగు మీద పడుకున్నాడు. హజరాబీ పూటపూటకూ వచ్చి, తినలేదని చెప్పిపోయేది. చివరికి ఆమె వచ్చి, "ఇంక లేయలేకుండా ఉండాది, రాయ్యా," అనింది. పోయి చూస్తే దొర గడప కాడ పడి ఉంది, పక్కటెముకలు బయటపడి. లేవలేదు. వాడి అడుగుల చప్పుడుకు తోక మాత్రం నేలకు కొట్టుకుంది. దస్తగిరి దాని తల ఒళ్లో పెట్టుకొని గంజి తాపినాడు.

వరదరాజులు చూసి నిట్టూర్చినాడు. "ఇది నువ్వు నేర్పిన చదువే గదప్పా. తిరగేసి నేర్పు. నీ చేత్తో కారం పెట్టు, ఆమె చేత్తో కమ్మటిది పెట్టించు. నీ చెయ్యి మండితే ఆ చేతికి పోతాది."

మాట సబబుగానే ఉంది. దస్తగిరికి మాత్రం చెయ్యి ఆడలేదు. ముందు దానికి ఒంట్లో బలం రానీ అన్నాడు. తర్వాత ఈరోజు శుక్రవారం అన్నాడు. అట్లా నెట్టుకుంటా నెట్టుకుంటా, ఎర్రగుంట్ల బస్సెక్కి, అక్కడ రైలు పట్టి మదనపల్లెకు పోవాల్సిన పొద్దు రానే వచ్చింది.

ఆ పొద్దున సంగటిలో ఇంత కారం పోసి పిసికినాడు. వేళ్లు భగ్గుమన్నాయి. హజరాబీ వేరే గిన్నెలో మాంసం పెట్టుకొని పక్కనే కూర్చుంది. దొర తోక ఊపుకుంటా వచ్చింది. ముద్ద వాసన చూసి ఆగింది. కూనప్పుడు ఏడిపించిన ఆ ఘాటు దానికి మరుపు రాలేదు. తలెత్తి దస్తగిరి మొగం చూసింది.

చూసి, తినింది.

కళ్లలోంచి నీళ్లు, ముక్కులోంచి నీళ్లు. గొంతులో కుయ్యికుయ్యిమంటానే నమిలి మింగింది. మింగి, వాడి వేళ్లకంటిన కారం కూడా నాకి తోక ఊపింది. హజరాబీ తన గిన్నెలోంచి మాంసం ముక్క తీసి చెయ్యి చాపింది. దొర వెనక్కి జరిగింది.

"ఇంకా కారం పొయ్యి," అన్నాడు దస్తగిరి పెళ్లాంతో. పోసింది. ఎర్రటి ముద్ద. అదీ తినింది.

"తినొద్దురా," అన్నాడు. కట్టె తీసుకొని పైకెత్తినాడు. దొర కాళ్ల కాడ పడుకొని, మండే నాలికతో వాడి పాదం నాకింది.

"దానికి నీమీద అనుమానం రాదయ్యా," అనింది హజరాబీ.

దస్తగిరి కట్టె పారేసి, వాకిట్లోనే కూలబడి, నలుగురూ చూస్తారని కూడా లేకుండా ఏడ్చినాడు. ఏడుపులో దగ్గు తెర వచ్చింది. అది తగ్గినాక చేతులు కడుక్కొని, దొరకు మజ్జిగ తాపినాడు. కారం లేని సంగటి తెమ్మని, ముద్దలు చేసి పెట్టడం మొదలుపెట్టినాడు.

"బస్సు టయిమయితాంది," అనింది హజరాబీ, మూట పట్టుకొని.

"ఇంకో ముద్ద."

కడుపు ఉబ్బిపోయింది దొరకు. ఇంక పట్టదు. అయినా ఆ చెయ్యి ముందుకొస్తే కాదనడం దానికి తెలీదు, మళ్లీ నోరు తెరిచింది. దస్తగిరి ముద్దను చిన్నగా చేసి దాని నాలిక మీద పెట్టినాడు.

"తిను దొరా," అన్నాడు. "రేపటిది గూడా ఇప్పుడే తిను."