ఆందోని తొడుక్కెళ్లిన వానకోటు

నేను ఒక వానకోటును. ముదురు నీలం రంగు, రబ్బరు పూసిన గుడ్డ, ఇత్తడి గుండీలు, ఎడమ రొమ్ము దగ్గర ఒక లోపలి జేబు. ఒక మే నెల మధ్యాహ్నం ఆ జేబులో ఒక అమ్మాయి పాస్‌పోర్టు ఉంది. నాలుగింటికి ఆమెకు పరీక్ష. నేనేమో ముక్కూ మొహం తెలియని ముసలాయన ఒంటి మీద, ఆమెకు దూరంగా, ఊళ్లోకి నడిచి వెళ్లిపోతున్నాను.

మొదటి నుంచీ చెబుతాను.

నన్ను కుట్టింది బిల్బావోలో, నది ఒడ్డున ఉన్న ఒక కుట్టు షెడ్డులో. స్పెయిన్ దేశంలో ఉత్తరాన బాస్క్ జనం ఉండే ఊరది. అక్కడి వానకు చప్పుడుండదు. ఎవరో పైనుంచి పిండి జల్లించినట్టు రాలుతుంది, పది నిమిషాల్లో ఎముకల దాకా తడిపేస్తుంది. అందుకే అక్కడి ఓడల కార్ఖానా తన పనివాళ్లందరికీ ఒకే రకం కోట్లు కుట్టించింది. మేం నాలుగు వందల మందిమి. రంగు ఒకటే, కోత ఒకటే. మమ్మల్ని కన్న కుట్టుమిషన్‌కైనా మాలో ఎవరెవరో తెలియదు.

నా మొదటి యజమాని వెల్డరు. ఇరవై ఏళ్లు నిప్పురవ్వలు నా మీద పోశాడు. కార్ఖానా మూతపడింది, కొన్నాళ్లకు ఆయనా పోయాడు. భార్య నన్ను ఒక ధర్మసంస్థ పాతబట్టల కొట్లో ఇచ్చేసింది. అక్కడ హ్యాంగరుకు వేలాడుతుంటే కోమలి కొంది. పాలకొండ నుంచి వచ్చి ఒక హోటల్ వంటింట్లో పనిచేస్తున్న పిల్ల. ఆమె గదిలోకి అనకాపల్లి నుంచి వకుళ దిగింది, స్పానిష్ నేర్చుకోవడానికి. కోమలి నన్ను ఆమె భుజాల మీద వేసి, "ఇది లేకుండా బయటికెళ్లకే. ఈ ఊరి వాన మంచిది కాదు" అంది.

వకుళ పుస్తకంలో స్పానిష్ నేర్చుకుంది. నోటితో కాదు. రొట్టెల కొట్లో వేలు చూపించేది. బస్సు డ్రైవరు పలకరిస్తే నవ్వి ఊరుకునేది. ఎనిమిది నెలలు ఆమె బదులు కోమలే మాట్లాడింది. నేను ఆమె ఒంటి మీదే ఉండేదాన్ని కాబట్టి నాకు తెలుసు: ఎదుటివాడు స్పానిష్‌లో నోరు తెరిస్తే చాలు, నా అస్తరు కింద ఆమె గుండె దడదడలాడేది.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఆమెకు ఉద్యోగం అట్టే పెట్టింది. స్పానిష్ పరీక్ష పాసైన కాగితం వేసవి దాటకుండా చూపించాలి. ఈసారి తప్పితే మళ్లీ పరీక్ష నవంబరులోనే. అప్పటిదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉండదు.

ఆ రోజు పొద్దున రాతపరీక్ష బాగానే అయింది. మధ్యాహ్నం నాలుగింటికి మౌఖికం. మూడూ యాభైకి తలుపులు మూసేస్తారు. అసలు పాస్‌పోర్టు చూపించకపోతే లోపలికి పంపరు. మధ్యలో ఏదైనా తిందామని వకుళా, కోమలీ అక్కాచెల్లెళ్లలా పాత బస్తీలో ఒక బార్‌లో దూరారు. అక్కడ బార్ అంటే సారా కొట్టు కాదు. కాఫీ, ఆమ్లెట్, రొట్టె, వైన్ అన్నీ ఒక్క చోటే. తడి కోట్లు తగిలించడానికి బల్ల కింద కొక్కేలుంటాయి. వకుళ నన్ను ఒక కొక్కేనికి తగిలించింది. పక్క కొక్కేనికి నా కవల ఒకటి వేలాడుతోంది. ముప్పై ఏళ్ల తరవాత చూసుకున్నాం. పలకరించుకునే లోపే ఒక పెద్ద చెయ్యి వచ్చి నన్ను లాగేసింది.

ఆ చెయ్యి ఆందోనిది. ఓడల కార్ఖానాలో రిటైరైన మనిషి, డెబ్బై ఆరేళ్లు. అక్కడి మగవాళ్లకు కుర్రతనం నుంచీ ఒక జట్టు ఉంటుంది. పెళ్లయినా, ముసలైనా అదే జట్టు. భోజనానికి ముందు అందరూ కలిసి బార్ తరవాత బార్ తిరుగుతారు. ఒక్కో చోట గుక్కెడు వైన్, నాలుగు ఎగతాళి మాటలు, ఒక పాట. పావుగంటలో లేచి తరవాతి దానికి. ఆందోని జట్టులో అయిదుగురు. నన్ను తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, "పదండ్రా, గొంతు ఎండిపోతోంది" అన్నాడు.

నా లోపలి జేబులో పాస్‌పోర్టు నీలం అట్ట అతని గుండెకు తగులుతూనే ఉంది. ఒక్కసారి చెయ్యి పెట్టవయ్యా అని ఎంత మొత్తుకున్నానో! జేబురుమాలు కోసం కుడి జేబు తడిమాడు. లేదు. ఎడమ జేబు తడిమాడు. లేదు. "మిరెన్ మళ్లీ ఉతకడానికి తీసేసినట్టుంది" అని భార్యను తిట్టుకుని, ముక్కు చేత్తోనే తుడుచుకున్నాడు.

నేను లేని చోట జరిగింది తరవాత విన్నాను. కోమలి డ్యూటీకి వెళ్లిపోయింది. వకుళ కోటు వేసుకుని, అలవాటుగా లోపలి జేబులో చెయ్యి పెట్టింది. ఖాళీ. బయటి జేబుల్లోంచి ఒక దువ్వెన, ఒక రుమాలు వచ్చాయి. కోమలికి ఫోన్ చేసింది.

"అక్కా, పాస్‌పోర్టు పోయింది. ఎవరో నా కోటు వేసుకెళ్లిపోయారు. నువ్వు రావా?"

"ఓలమ్మో! ఏటే నువ్వు చెప్తన్నది? నాను పొయ్యి కాడ ఉన్నానే, వదిలితే ఉద్యోగం ఊడిపోద్ది. ఆ బార్ ఆయన్ని అడుగు."

"నాకు రాదక్కా."

"రాకపోతే పొద్దున్న పేపరు ఎలా రాసావే? నోరు తెరువు. తప్పులొస్తే రానీ, నిన్నెవులూ జైల్లో ఎట్టరు." ఫోన్ పెట్టేసింది.

వకుళ బార్ ఆయన ముందు నిలబడింది. "కోటు. నీలం. నాది కాదు ఇది. నాది... ఎవరు?"

బార్ ఆయన కోటును, ఆమెను మార్చి మార్చి చూసి నవ్వాడు. "ఆందోని పని. ఆ జట్టు ఇప్పుడు చర్చి వెనక బార్‌లో ఉంటుంది. పరుగెత్తు."

పరుగెత్తింది. చర్చి వెనక బార్‌లో, "ఇప్పుడే వెళ్లారు, చేపల బజారు వైపు" అన్నారు. చేపల బజారు దగ్గర, "అయిదు నిమిషాలైంది." ప్రతి చోటా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి: కోటు, ముసలాయన, పాస్‌పోర్టు, నాలుగింటికి పరీక్ష. మూడో బార్‌లో క్రియలు కలిశాయి. అయిదో బార్‌లో ఎవడో ఆమె మాటకు అడ్డొస్తే, "ఉండండి, నన్ను చెప్పనివ్వండి" అంది. ఆ మాట తన నోట వచ్చిన సంగతి ఆమె గమనించలేదు. గడియారం చూస్తోంది. రెండూ ముప్పై అయిదు.

చివరి బార్‌లో జట్టు విడిపోయింది. ఒక్కడు మిగిలాడు, కోల్డో అనే సన్నటి మనిషి. గ్లాసు అడుగున చుక్క మిగుల్చుకుని కూర్చున్నాడు.

"ఆందోని ఇల్లెక్కడండీ?" అంది వకుళ రొప్పుతూ.

కోల్డో గుమ్మం బయటికి చెయ్యి చూపించాడు. "ఇతురిబిదె వీధి. ఆ ఎత్తు మీద."

"ఏ ఇల్లు?"

"తెలీదు."

"మీరు స్నేహితులు కాదా?"

"యాభై రెండేళ్లు! వాడి అప్పెండిక్స్ ఆపరేషన్ ఎవడు చేశాడో చెప్పమంటే చెబుతా. ఇల్లు మాత్రం... మేం ఇళ్లకు పోమమ్మాయీ. ఇల్లు ఇల్లే, జట్టు జట్టే. వాడిదీ నాకు తెలీదు, నాదీ వాడికి తెలీదు."

ఆందోనికి సెల్‌ఫోన్ లేదు. కోల్డో మిగిలిన ముగ్గురికీ ఫోన్ చేశాడు. ఒక్కడికీ తెలియదు. ఒకడైతే, "వాడికి ఇల్లుందా?" అని అడిగాడట. యాభై ఏళ్లు ఒకే పాటలో గొంతు కలిపిన మనుషులు ఒకరి గడప ఒకరు చూడలేదు. కొక్కేనికి వేలాడే మేమే నయం, పక్కవాడెక్కడ వేలాడతాడో మాకు తెలుసు.

మూడూ పది. ఇతురిబిదె వీధిలో రెండు వైపులా అయిదంతస్తుల ఇళ్లు, వందల తలుపులు. ఫోన్ అందుకుని వచ్చిన ముగ్గురూ, కోల్డో, నలుగురు ముసలాళ్లూ రోడ్డు మధ్యలో నిలబడ్డారు. వకుళ ఒక్కో గంటా నొక్కుతూ, "ఆందోని గారు ఉన్నారా?" అని అడుగుతూ వెళ్తోంది. ఒకరు కాదన్నారు, ఒకరు కసిరారు, చాలామంది పలకనే లేదు.

"ఇలాగైతే తెల్లారుతుంది. పాడదాం" అన్నాడు కోల్డో.

ఇక్కడి నుంచి నేను కళ్లారా చూసి, చెవులారా విన్నదే. ఆందోని స్నానాల గదిలో తొట్టి మీద నన్ను ఆరేశాడు. చిక్కుళ్ల పులుసు తాగి, కుర్చీలో కునుకు తీస్తున్నాడు. కింది నుంచి పాట వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆయన భార్య మిరెన్ కిటికీ దగ్గరికెళ్లి, "పగలే తాగి ఊరేగుతున్నారు, సిగ్గులేని వెధవలు" అని తలుపు ధడాలున మూసేసింది.

అయిపోయింది అనుకున్నాను. నా జేబులో అమ్మాయి పాస్‌పోర్టు చెమ్మకు ఉబ్బుతోంది.

కానీ ఆ ధడాలుకు ఆందోనికి మెలకువ వచ్చింది. మూసిన కిటికీ లోంచి పాట సన్నగా వినబడుతూనే ఉంది. ఆయన ముఖం చిట్లించాడు. కింది వాళ్లు నాలుగు గొంతులతో పాడుతున్నారు, మంద్రంలో పాడే గొంతు లేదు. అది ఆయన గొంతు. పైగా ఎవడో శ్రుతి ఎత్తేశాడు. పక్షవాతమొచ్చినా అది భరించే మనిషి కాదు ఆందోని. కిటికీ తోసి, సగం బయటికి వంగి అరిచాడు: "కోల్డో! గాడిదా! అంత పైన ఎత్తుకుంటే చివర్లో ఎవడు అందుకుంటాడురా?"

"నీ కోటు జేబు చూడరా గుడ్డి సన్నాసీ!" కింది నుంచి జవాబు.

వకుళ నాలుగంతస్తులు మెట్ల మీదే ఎక్కింది. అప్పటికి మూడూ ముప్పై. మిరెన్ తలుపు తీసింది. ఎదురుగా ఊపిరందని నల్ల పిల్ల, తన మొగుడి కోటులో. వెనక మెట్ల మీద నలుగురు ముసలాళ్లు దగ్గుతూ. ఆందోని స్నానాల గదిలోకొచ్చి నా జేబులో చెయ్యి పెట్టాడు. ఇన్ని గంటల తరవాత! పాస్‌పోర్టు బయటికి తీసి, దాని వంకా ఆమె వంకా చూసి ఏదో అనబోయాడు. ఆమె చటుక్కున లాక్కుని, "తరవాత తిట్టండి" అని మెట్లు దిగిపోయింది.

నేను తొట్టి మీదే ఉండిపోయాను.

మిరెన్ గుమ్మంలోని నలుగురినీ ఎగాదిగా చూసింది. "అయితే ఆ జట్టు మీరేనన్నమాట. యాభై రెండేళ్ల నుంచి నా పులుసు చల్లారబెడుతున్న మహానుభావులు. రండి, ఇంకా కాస్త మిగిలింది."

వాళ్లు బూట్లు తుడుచుకుని, చర్చిలోకి వచ్చినట్టు వచ్చారు. అందరి కళ్లూ గోడ గడియారం మీదే. నాలుగైంది. నాలుగున్నర. "టైముకి చేరుంటుందా?" అని కోల్డో మూడుసార్లు అడిగాడు. మిరెన్ ఆయన్ని రెండుసార్లు కసిరి, మూడోసారి తనే కిటికీలోంచి తొంగి చూసింది.

అయిదున్నరకు గంట మోగింది. వకుళ.

"పంపించారా?" అందరూ ఒక్కసారే అడిగారు.

"ఒక్క నిమిషం ఆలస్యమైంది. వాచ్‌మన్ తలుపు వేసేస్తున్నాడు. వేయొద్దన్నాను. ఎందుకన్నాడు. చెప్పాను."

"ఏం చెప్పావు?"

"మొత్తం. మొదటి బార్ నుంచి మీ కిటికీ దాకా. ఆయన నవ్వాపుకోలేక తలుపు తీసేశాడు. లోపల పరీక్ష పెట్టేవాళ్లు, ఇక చాలు, టైమైపోయింది అన్నారు. నేను ఆపలేదు."

ఆందోని బల్ల మీద చెయ్యి చరిచాడు. మిరెన్ పులుసు గిన్నె ఆమె ముందుకు తోసింది. అప్పుడు ఏడ్చింది వకుళ. అన్ని గంటల భయం అప్పుడే వదిలింది.

ఆ సాయంత్రం లేవబోయే ముందు మిరెన్ ఒక కాగితం తీసి, "ఒక్కొక్కరూ చెప్పండి. ఏ వీధి, ఏ అంతస్తు" అంది. దొంగతనం ఒప్పుకున్నట్టు నేల చూపులు చూస్తూ చెప్పారు ముసలాళ్లు. కోల్డో చాలాసేపు చెప్పలేదు. ఒంటరి మనిషి. ఆ ఇంట్లోకి ఎవరూ రావడం ఆయనకు ఇష్టం లేదు. మిరెన్ పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. చివరికి, "మూడో అంతస్తు. కుడి వైపు" అన్నాడు మెల్లిగా.

వకుళ పాసైంది. ఇప్పుడు హైదరాబాద్‌లో రోజంతా ఫోన్‌లో స్పానిష్ మాట్లాడుతుంది. వెళ్లే ముందు నన్ను ఆందోనికే ఇచ్చేసి, ఆయన కోటు తను పట్టుకెళ్లింది. రెండిట్లో ఏది ఎవరిదో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ చలికాలం ఒక రోజు కోల్డో బార్‌కు రాలేదు. అంతకుముందైతే, "వాడికి ఒంట్లో బాలేదేమో" అని గ్లాసులు ఎత్తి ఊరుకునేవాళ్లు. ఆందోని వైన్ ముట్టకుండా నన్ను తొడుక్కుని వానలోకి నడిచాడు. మూడో అంతస్తు, కుడి వైపు. తలుపు బాదాడు. పలుకు లేదు. మళ్లీ బాదాడు. ఆయన గుండె నా అస్తరు కింద ఎలా కొట్టుకుందో నేనే చెప్పగలను. లోపల ఏదో పడిన చప్పుడు. చాలాసేపటికి గొళ్లెం తీశారు. జ్వరంతో ఎర్రబడ్డ కళ్లు, గీసుకోని గడ్డం, తలుపు పట్టుకుని నిలబడ్డ కోల్డో.

"నిన్నెవడ్రా మా ఇంటికి రమ్మన్నాడు?" అన్నాడు, పక్కకు తప్పుకుని దారిస్తూ.