విప్పని వరుసలు

హనుమకొండలో మన ఊరి చరిత్ర మ్యూజియంలో మగ్గం మీదున్న జంపఖానా చూశారా? అందులో సగానికి పైగా నేనే నేశాను. మిగిలింది రాయమల్లు నేశాడు. నాకంటే నాలుగేండ్లు చిన్నవాడు కదా అని వాటా కొంచెం తక్కువిచ్చాను.

ఆ శనివారం పొద్దున రాయమల్లు ఎప్పటిలాగే చెప్పులు గుమ్మం బయట విడిచి, మగ్గం దూలాన్ని తాకిన వేళ్లు కళ్లకద్దుకుని, పీట మీద కూర్చున్నాడు. బక్క మనిషి. మెడ ముందుకు వంగి ఉంటుంది. బస్టాపులో నిలబడ్డా మగ్గం ముందున్నట్టే ఉంటాడు. కుడిచేతి చూపుడువేలు పక్కకు తిరిగిపోయింది. నలభై ఏండ్లు పంజా పట్టిన వేలు అది. అడ్డంగా వేసిన నూలును కిందికి కొట్టి బిగించే ఇనుప పళ్ల పనిముట్టే పంజా. ఆయన కొట్టే చప్పుడుకు ధర్మసాగర్ చెరువులో చేపలు తాళం వేసేవని చాలామందికి చెప్పాను. ఇద్దరు నమ్మారు.

నేతగాళ్లుండే కొత్తవాడలో ఉన్నన్నాళ్లూ దుకాణదారుల కోసం నేశాడు. దుకాణదారు మగ్గం దగ్గరికే వచ్చి, వంగి చూసి, ఒక్క వరుస వంకర కనబడితే చాలు, "విప్పు" అనేవాడు. రాయమల్లు మారు మాట్లాడకుండా విప్పేవాడు. జీవితంలో నేసినదానికంటే విప్పిందే ఎక్కువని ఆయన లెక్క.

ఆరేండ్ల కింద మ్యూజియం వాళ్లు పిలిచారు. అక్కడ శనివారాలు బడిపిల్లలకు, ఊళ్లనుంచి వచ్చే పెద్దోళ్లకు చేతిపనులు చూపిస్తారు. ఒక వారం కుండలు చేయడం, ఒక వారం బుట్టలల్లడం. నేత మాత్రం ప్రతి వారం. రాయమల్లు వచ్చిన ప్రతి మనిషితో తలా ఒక వరుస వేయిస్తాడు. కొందరు నూలు మరీ గుంజుతారు, అంచు లోపలికి పోతుంది. కొందరు వదిలేస్తారు, నడుమ ఉబ్బుతుంది. అందులో ఒక్కటీ ఆయన విప్పలేదు. "ఇది నీ వరుస. మళ్ల వచ్చి చూస్కో," అని పంపేవాడు.

ఇక్కడ ఒక మాట సరిదిద్దుకోవాలి. నేను నేసింది సగానికి పైగా కాదు. ఒక్క వరుస. అదీ పాము పోయినట్టు పోయింది.

ఆ పొద్దున మ్యూజియం అధికారి స్నేహలత మగ్గం దగ్గరికి వచ్చింది. మంచి మనిషే. పై వాళ్లంటే మాత్రం జర భయం.

"రాయమల్లుగారూ, సోమవారం హైదరాబాద్ నుంచి పెద్ద సార్లు వస్తున్నారు. ఈ వంకర భాగమంతా విప్పేసి మీరే నీట్‌గా నేయండి. నేసినంత మేర కోసి గాజు పెట్టెలో పెట్టేద్దాం."

"గాజు పెట్టెల పెడితె పిల్లలు ఎట్ల ముడ్తరు మేడం?"

"ముట్టొద్దనే కదా పెట్టేది!"

"ఎంత దాంక విప్పాలె?"

ఆమె చెయ్యి పెట్టి చూపించింది. మూడు మూరలు. ఆరేండ్ల శనివారాలు.

విప్పమంటే విప్పడమే ఆయనకు తెలుసు. "సరే మేడం," అన్నాడు. ఆమె పోయాక అన్నిటికంటే పైనున్న వరుస కొస పట్టుకున్నాడు. కిందటి వారం దీప్తి అనే ఐదో తరగతి పిల్ల వేసిన పచ్చ నూలు. వదిలేశాడు. లేచిపోయి నీళ్లు తాగి వచ్చాడు. మళ్లీ పట్టుకున్నాడు. ఇంతలో ఆ పూట రావాల్సిన బడిపిల్లలు వచ్చేశారు.

"తాతా, నాది వంకర పోయింది. విప్పాల్నా?" అంది ఒక పిల్ల.

"ఎందుకు బిడ్డా? అన్నీ సక్కగుంటె రేపు నీది ఏదో ఎట్ల గుర్తు పడ్తవ్?"

అనేశాక, పిల్లలు పోయాక కూడా, పీట మీద ఊరికే కూర్చున్నాడు. డబ్బాలో అన్నం అట్లనే ఉంది.

మధ్యాహ్నం కాజీపేట నుంచి వంశీ అని ఒక ఆటోవాడు వచ్చాడు.

"మామా, మా నాయనమ్మ ఈడ ఒక వరుస ఏసిందట. రెండేండ్లాయె. మేడారం జాతరకు ముందట కాలం జేసింది. జర చూపిస్తవా?"

"ఏ రంగు?"

"తెల్వదు. పక్కపొంటి మా తాత కూసొని సతాయిస్తుంటె నవ్వుకుంట ఏసిందట."

"గట్ల చెప్పు!"

రాయమల్లు కళ్లు మూసుకుని వంకరవేలిని బట్ట మీద నడిపించాడు. ఒకచోట ఆగింది.

"గిదే. నవ్వితె చెయ్యి వదులైతది, నూలు ఉబ్బుతది. ఇగో, ఇక్కడ నవ్వింది. ఇక్కడ మళ్ల నవ్వింది."

వంశీ మొదటి ఉబ్బు మీద బొటనవేలు ఆనించి, రెండో ఉబ్బు దాకా జరిపి, మళ్లీ వెనక్కి తెచ్చాడు. తాళంచెవులు పట్టుకుని గుమ్మంలో ఉన్న స్నేహలత అంతా చూసింది. అతను వెళ్లాక మగ్గం దగ్గరికి వచ్చింది.

"విప్పకండి."

"మరి పెద్ద సార్లు?"

"నేను చెప్పుకుంటా."

"గాజు పెట్టె?"

"దాంట్లో కుండలు పెడదాం లెండి. అవైతే నిజంగానే పగుల్తయి."

సాయంత్రం రాయమల్లు ఎర్ర నూలు తీసుకుని తనకోసం ఒక వరుస మొదలుపెట్టాడు. ఆరేండ్లలో అదే మొదటిసారి. వంకరగా వేద్దామని చూశాడు. ఎంత చూసినా చక్కగానే వచ్చింది. "ఈ చేతికి అబ్బలే," అని నవ్వి, సగంలో ఆపి, పంజాను ఆ వరుస మీదే ఉంచి, చెప్పులేసుకుని బస్సెక్కాడు.

ఆదివారం పొద్దున ఇంటి ముందు గద్దె మీద కూర్చుని, చాయ్ కోసం ఎదురుచూస్తూ పోయాడు. గ్లాసు తెచ్చిన కోడలు రెండుసార్లు పిలిచిందట. సోమవారం పెద్ద సార్లు వచ్చారు, చూశారు, చాయ్ తాగి వెళ్లారు.

ఇంత చెప్పాక ఒక అబద్ధం ఒప్పుకోవాలి. చేపల సంగతి కాదు, అది నిజమే. వంశీ అనే ఆటోవాడు లేడు. ఆ మధ్యాహ్నం పోయి అడిగింది నేనే. నవ్వింది నా భార్య సమ్మమ్మ, పక్కన కూర్చుని సతాయించింది నేను. డెబ్బై దాటినవాడు పదిమంది తిరిగేచోట నూలుపోగు పట్టుకుని ఏడ్చాడంటే బాగుండదని, ఏడవని పడుచువాణ్ని ఒకణ్ని పుట్టించాను.

ఇప్పటికీ శనివారాలు పోతాను. పిల్లలు ఆ వరుసలు ముడుతూనే ఉన్నారు. పంజా మాత్రం ఎవరూ తీయలేదు. సగం నేసిన ఎర్ర వరుస మీద అట్లనే ఉంది, వంకరవేలు ఆనే చోట పిడి నున్నగా అరిగి.