ఎగిస్తో ముక్కాలిపీట

ఎగిస్తో ముక్కాలిపీటను ఒళ్ళో పడుకోబెట్టుకుని, అవిసెనూనెలో ముంచిన గుడ్డతో దాని కాళ్ళు రుద్దుతున్నాడు. చంటిదానికి నలుగు పెట్టినట్టు పెడతాడని భార్య ఆర్జియా ఎగతాళి చేస్తుంది. పిల్లలు లేని కొంపలో ఆ ముద్దు ఎవరికో ఒకరికి దక్కాలి కదా. అతని కుడిచేతి వేళ్ళు రెండు వంగవు. కిందటేడు ఫాసిస్టు ముఠా నల్లచొక్కాలవాళ్ళు వాటిని తలుపు సందులో పెట్టి తలుపు మూశారు. పట్టు జారినప్పుడల్లా గుడ్డ కొసను పళ్ళతో బిగించి మళ్ళీ మొదలుపెడతాడు. అందువల్ల పొద్దున పూట అతని నోరెప్పుడూ అవిసెనూనె వాసనే.

మనిషి తాటిచెట్టంత. కాలవలో లోతు చూడడానికి గడకర్ర దొరక్కపోతే పడవవాళ్ళు ఎగిస్తోనే నీళ్ళలోకి దించేవారని వాళ్ళ ఊరు వల్లెసెక్కలో చెప్పుకుంటారు. ముక్కు దాకా వస్తే పడవ పోతుందని లెక్కట. పని మాత్రం కూర్చుని చేసేది. చిత్తడినేలల్లో తుంగ కోసి, ఎండబెట్టి, కుర్చీలకు అల్లుతాడు. చుట్టుపక్కల ఊళ్ళలో అతని అల్లిక మీద కూర్చోని పిర్ర లేదు, ఫాదిరీ గారిదైనా, కామందుదైనా.

ఈ పీట ఒక్కటే తుంగ లేనిది. పైన బలమైన ఎల్మ్ చెక్క, కింద మూడు కాళ్ళు. గులకరాళ్ళు పరిచిన చర్చి చౌకులో నాలుగుకాళ్ళది వేస్తే ఊగుతుంది, మూడుకాళ్ళది ఊగదు. ఇంత పొడుగుమనిషి పీట చేసింది తను ఎక్కడానికి కాదు, ఎర్మెతె తస్సినారి ఎక్కడానికి. ఎర్మెతె పొట్టివాడు. ఎంత పొట్టి అంటే, కాలవలు తవ్వే రోజుల్లో వాడు గుంటలో దిగితే పార కనపడేది, మనిషి కనపడేవాడు కాదు. గొంతు మాత్రం దేవుడు ఎవరికో పెద్దమనిషికి చేసి పొరపాటున వీడికి పెట్టాడు. మొదటిసారి కూలీల సమ్మె కోసం వాడు గొంతెత్తిన రోజున కాలవ అవతల గాడిదలు కూడా బండి లాగనన్నాయట. అవతలి ఒడ్డువాళ్ళు దీనికి సాక్ష్యం చెబుతారు.

ఆ తరవాత ఎర్మెతె ఎదిగినదంతా ఈ పీట మీదే. అంచున ఉన్న గాటు గుర్రపు డెక్కది. కూలీ సంఘం పెట్టిన ఏడాది సైనికులు గుర్రాలతో జనం మీద పడ్డప్పుడు పడింది. ఆ రోజు ఎర్మెతెను జైలుకు, మరో ఇద్దరిని శ్మశానానికి తీసుకుపోయారు. ఒక కాలు కొత్తది. ఎర్మెతెను ఊరికి మేయరుగా గెలిపించిన పూట కామందు మనుషులు పాతదాన్ని విరిచి ఎగిస్తో వీపు మీదే ఆ కర్ర అరగదీశారు. చెక్క అడుగున నల్లటి మచ్చ ఉంది. ఎర్మెతె రోముకు పార్లమెంటు మెంబరుగా వెళ్ళిన తరవాత నల్లచొక్కాలవాళ్ళు సంఘం ఇంటికి నిప్పు పెడితే, ఎగిస్తో లోపలికి ఉరికి జెండా వదిలేసి దీన్ని తెచ్చాడు. ఆ మంటల్లో సంఘం కాపలాదారు చనిపోయాడు. "మనిషిని వదిలి పీటను తెచ్చావా" అని ఎవరూ అడగలేదు గానీ, నూనె రాసేటప్పుడు ఆ మచ్చ దగ్గర ఎగిస్తో చెయ్యి ఎప్పుడూ ఆగుతుంది.

"ఒరే, నూనె ఎక్కువ రాయకు. జారిపడి చస్తే వాళ్ళకి శ్రమ తప్పించినట్టవుతుంది" అంది అటక మీంచి ఆ గొంతు.

"నువ్వు ఎక్కితే కదా జారడానికి" అన్నాడు ఎగిస్తో.

అటక సందులోంచి గడ్డం తలకిందులుగా వేలాడింది. ఎర్మెతె ముందురోజు గడ్డిబండిలో పడుకుని ఊళ్ళోకి వచ్చాడు. గడ్డంలో ఇంకా గడ్డిపరకలున్నాయి.

"ఏమన్నావ్?"

"పీట నేను వేస్తాను. నువ్వు ఎక్కవు. తుంగ మోసే ఉల్తిమో పడవలో కట్టల కింద పడుకుని పోతావు."

ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఎర్మెతె నోరు తెరిస్తే ఆ నోట్లో మట్టి కొడతామని నల్లచొక్కాలవాళ్ళు చర్చి గోడ మీదే రాసిపెట్టారు. పక్క ఊళ్ళో మాట్లాడిన బడిపంతులి నోట్లో నిజంగానే కొట్టారు. శవాన్ని కడిగిన ఆడవాళ్ళు ఆ మట్టి సంగతి ఇప్పటికీ గుసగుసలుగానే చెబుతారు. దేశం దాటి వెళ్ళిపొమ్మని పార్టీవాళ్ళు కబురు మీద కబురు పంపారు. రైలుస్టేషను దగ్గర కాపలా, రోడ్డు మీద కాపలా. పడవ మీద పెద్దనదికి పోదామంటే మధ్యలో లాకు వంతెన మీద తుపాకులతో ఇద్దరు.

వల్లెసెక్కలో ఒక పద్ధతి పాతుకుపోయింది. గోడకాగితాలు అంటిస్తే చించేస్తున్నారని మొదలైనది. మధ్యాహ్నం ఎగిస్తో చౌకులో పీట వేస్తే, సాయంత్రం గంట కొట్టేసరికి ఎర్మెతె దాని మీద ఉంటాడు. జ్వరంతో వచ్చాడు, జైలు నుంచి తిన్నగా వచ్చాడు, తల్లిని పూడ్చిన మట్టిచేతులతో వచ్చాడు. పీట వేశాక రాకపోవడం అనేది లేదు. ఫాదిరీ గారి గంట ఒకటి రెండుసార్లు తప్పిందేమో గానీ పీట తప్పలేదు. ఆ సంగతి నల్లచొక్కాలవాళ్ళకూ తెలుసు, వాళ్ళూ ఈ ఊరి బిడ్డలే మరి.

"పీట చూస్తే కుక్కలన్నీ చౌకుకే చేరతాయి. వంతెన మీద ఒక్కడూ ఉండడు" అన్నాడు ఎగిస్తో.

ఎర్మెతె నిచ్చెన దిగి వచ్చాడు. "అది ఎన్నడూ అబద్ధం ఆడలేదురా."

"ఒక్కసారి ఆడనీ."

"నా ఊళ్ళో నేను నిలబడలేకపోతే నేనేం నాయకుణ్ణిరా? కూలీలు ఏమనుకుంటారు?"

పొయ్యి దగ్గర మొక్కజొన్న సంకటి తిప్పుతున్న ఆర్జియా తిరగకుండానే అంది. "చూడన్నా, నువ్వు చస్తే ఎప్పటికో నీకు పాలరాతి బొమ్మ పెడతారు. కాకులు దాని మీద రెట్టలేస్తాయి. మాకు బొమ్మ ఎందుకు? నోరున్నవాడు కావాలి. బతికి ఉండు. ఎక్కడున్నా అరుస్తూ ఉండు."

ఎర్మెతె ఎగిస్తో వైపు గడ్డం ఊపాడు. "మరి వీడో?"

"నన్నేం చేస్తారు? ఇంకా ఎనిమిది వేళ్ళున్నాయి" అన్నాడు ఎగిస్తో. "పీట వేసి, ఇంటికొచ్చి సంకటి తింటాను."

ఎర్మెతె నమ్మాడు. ఎందుకు నమ్మడు? ఇన్నేళ్ళలో ఆయన వచ్చేసరికి పీట వేసి ఉండేది, ఆయన ఎక్కేవాడు. మధ్యాహ్నం నుంచి గంట కొట్టేదాకా ఆ పీట పక్కన ఏం జరుగుతుందో ఆయన ఎన్నడూ చూడలేదు. ఎగిస్తో అక్కడే నేల మీద కూర్చుని కుర్చీ అల్లుకుంటూ ఉంటాడు. అతను లేచి ఇంటికి పోతే ఆ పీట ఉత్త కట్టె. అది ఊరంతటికీ తెలుసు, నల్లచొక్కాలవాళ్ళకూ తెలుసు. ఆర్జియాకు తెలుసు. గరిట ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది.

వెళ్ళేముందు ఎర్మెతె వంగి పీట మీద చెయ్యి వేశాడు. స్నేహితుణ్ణి కౌగిలించుకోవాలంటే అందదు మరి. ఎగిస్తోయే వంగాడు.

మధ్యాహ్నం ఎండ చర్చి మెట్ల మీద పడేసరికి పీట చౌకులో ఉంది. పక్కనే ఎగిస్తో, అతని మోకాళ్ళ మధ్య బేకరీ దిర్చె కుర్చీ, నీళ్ళతొట్టిలో నానిన తుంగ. దిర్చె రొట్టెల గంప చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది. భర్తను పోగొట్టుకున్న మనిషి. అతన్ని కూలీ సంఘం మెట్ల మీదే కర్రలతో కొట్టి చంపారు.

"బాబాయ్, నిజంగా వస్తున్నాడా?"

ఎగిస్తో తుంగ పాయను మెలిపెట్టాడు. "పీట వేశాను కదమ్మా."

ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూడలేక అతను తల దించుకున్నాడు. గుర్రపు డెక్కలు, నల్లచొక్కాలవాళ్ళు గొంతులో పోసి తాగించిన ఆముదం, తలుపు సందు, ఇవేవీ అంత నొప్పి పెట్టలేదు. "కిటికీ తలుపులు వేసుకునే వినండి. ఎవరూ బయటికి రాకండని అందరికీ చెప్పు" అన్నాడు. ఈమధ్య జనం ఉపన్యాసం వినేది అలాగే, మూసిన తలుపుల సందుల్లోంచి.

లారీ వచ్చింది. నేరినో దిగాడు. కామందు పొలాలు చూసే మేనేజరు కొడుకు, నల్లచొక్కాల ముఠాకు నాయకుడు. దుడ్డుకర్రకు తోలు పట్టీ వేయించుకుని పెళ్ళికొడుకు చేతికర్రలా తిప్పుతాడు.

"ఏం పెద్దాయనా, మీ పొట్టాడు వస్తాడంటావా?"

"కళ్ళజోడు కావాలా బాబూ? పీట అంత పెద్దదుంటే."

"కిందటేడు ఆముదం సరిపోలేదనుకుంటా నీకు."

"బాగానే పనిచేసింది. నీ చిన్నప్పటి ఎత్తుకుర్చీ అల్లింది నేనే. నువ్వు ఆముదం లేకుండానే వారం వారం దాన్ని తడిపి పంపేవాడివి."

కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. దుడ్డుకర్ర ఎగిస్తో చెవి మీద పడింది. రక్తం మెడ మీదుగా నానిన తుంగలోకి కారింది. అతను ఆ పాయను పక్కన పడేసి శుభ్రమైనది తీసుకున్నాడు. కుర్చీ దిర్చెది, మరకలు ఎందుకు?

"ఇప్పుడు చంపకండి. ఎరను చంపితే చేప రాదు" అని నేరినో నాటుసారా కొట్టు ముందు కూర్చున్నాడు. స్టేషను నుంచి నలుగురు వచ్చారు, రోడ్డు మీది వాళ్ళు సైకిళ్ళ మీద వచ్చారు. ఎగిస్తో కళ్ళు వాళ్ళ కోసం కాదు. లాకు వంతెన మీది ఎర్రజుట్టువాడూ వేటతుపాకివాడూ ఎప్పుడొస్తారా అని చూస్తున్నాడు. వచ్చారు, చాలా ఆలస్యంగా. పొట్టాడి నోట్లో మట్టి కొట్టేటప్పుడు తాము లేకపోతే ఎట్లా అని పోట్లాడుకుంటూ వచ్చారు. ఎర్రజుట్టువాడి జేబులో మట్టి కూడా ఉంది.

ఎగిస్తో చేతులు అప్పుడు తేలికపడ్డాయి. వంగని వేళ్ళతో కూడా అల్లిక చకచకా సాగింది.

సాయంత్రం గంట కొట్టడానికి కాస్త ముందు, చాలా దూరంగా పెద్దనది వైపు నుంచి పడవవాళ్ళ శంఖం ఊదిన చప్పుడు వచ్చింది. ఏటిలోకి దిగిన ప్రతి పడవా ఊదుతుంది. నేరినో ఆవలించాడు. ఎగిస్తో కుర్చీ చివరి పాయను లోపలికి దోపి, కొస కత్తిరించి, కుర్చీని చర్చి మెట్టు మీద జాగ్రత్తగా పెట్టాడు.

గంట కొట్టింది. మూసిన తలుపుల సందులకు ఊరంతా చెవులు ఆనించింది. గంట ఆగింది. ఎవరూ రాలేదు. చౌకులో పావురాలు తిరుగుతున్నాయి. నేరినో ముఖం ముందు ఎర్రబడింది, తరవాత తెల్లబడింది. అతను వంతెన కుర్రాళ్ళ వైపు తిరిగాడు. "మీరిద్దరూ ఇక్కడేం చేస్తున్నార్రా?"

ఎగిస్తో లేచాడు. ఒక కాలు పీట మీద వేశాడు, తరవాత రెండోది. తన చేతులతో చేసిన పీట మీద అతను నిలబడడం అదే మొదలు. అంత ఎత్తున అతని తల సారాకొట్టు బోర్డును దాటిపోయింది. అందరినీ దాటి మూసిన కిటికీలు కనపడ్డాయి, ఒక్కొక్కటీ ఎవరిదో తెలుసు. ఉపన్యాసం అతనికి చేతకాదు. గొంతు సన్నగా, పెళ్ళిలో పేరు పిలిచి పాడమన్న పిల్లవాడి గొంతులా వచ్చింది.

"ఎర్మెతె మీ అందరినీ అడిగానని చెప్పమన్నాడు. ఇవాళ పీట అబద్ధం ఆడింది. తప్పు దానిది కాదు, నాది. ఏమనుకోకండి."

మొదటి దెబ్బ మోకాళ్ళ మీద పడింది. పొడుగువాణ్ణి ముందు పొట్టి చెయ్యాలని వాళ్ళకు తెలుసు. అతను పడ్డాక వాళ్ళు చుట్టూ మూగారు. కర్రలు లేచి దిగుతుంటే కళ్ళంలో కంకులు కొడుతున్నట్టే చప్పుడయింది. ఎర్రజుట్టువాడు తెచ్చిన మట్టి వృథా పోనివ్వలేదు. నేరినో ఆగమన్న తరవాత కూడా ఎవడో ఇంకొకటి వేశాడు. ఒక కిటికీ తెరుచుకుంది. ఇంకొకటి. దిర్చె రొట్టెలు తీసే పొడుగు పార పట్టుకుని ఒంటరిగా నడిచి వచ్చింది. ఆవిడ వెనక తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరూ ఊరికే వచ్చి నిలబడ్డారు. లారీ వెళ్ళిపోయింది.

కొత్తగా అల్లిన కుర్చీలోనే కూర్చోబెట్టి అతన్ని ఇంటికి మోసుకుపోయారు. ఆర్జియా నోట్లోని మట్టి వేలితో తీసి, తడిగుడ్డతో తుడిచింది.

"పీట తెచ్చారా?" అన్నాడు.

"తెచ్చాం, మూలన పెట్టాను" అంది. తేలేదు.

"కాస్త నూనె..." అన్నాడు. ఆవిడ అవిసెనూనె సీసా అందుకుని తిరిగేసరికి ఎగిస్తో లేడు. పొయ్యి మీద సంకటి ఇంకా వెచ్చగానే ఉంది.

ఎర్మెతె పరాయిదేశాల్లో ఇరవై ఏళ్ళు గొంతు చించుకున్నాడు. నల్లచొక్కాల రాజ్యం కూలాక తిరిగొచ్చి మంత్రి అయ్యాడు. వల్లెసెక్కకు వచ్చిన రోజున జెండాలు, బాకాలు, మైకులు, మనిషెత్తు వేదిక. ఆయన వేదిక ఎక్కలేదు. ముసలి ఆర్జియా తుంగచాప విప్పి, ఆ రాత్రే వెళ్ళి తెచ్చి ఇన్నేళ్ళూ దాచిన పీటను చౌకులో పెట్టింది. ఆయన దాని దగ్గరకు వెళ్ళి, కాలు వేయబోతూ పైచెక్క మీదికి వంగి చూసి, ఎత్తిన కాలు వెనక్కు తీసుకున్నాడు. పక్కనే నేల మీద నిలబడి మాట్లాడాడు. రెండో వరుస వెనక ఎవరికీ కనపడలేదు. అసలు మంత్రి వచ్చాడా లేదా అని వెనకవాళ్ళు చివరిదాకా పందేలు కాశారు. గొంతు మాత్రం అందరికీ వినపడింది.

పీట ఇప్పటికీ ఉంది. పైచెక్క మధ్యలో ఒక పొట్టిమనిషి ఏళ్ళ తరబడి నిలబడి అరగదీసిన రెండు చిన్న గుంటలు, వాటికి బయటగా, అంచుకు దగ్గరగా, ఒకే ఒక్కసారి ఎక్కిన పెద్ద బూట్ల మేకులు దిగిన గుర్తులు, వాటిల్లో ఊళ్ళో ఎవరో ఒకరు ఇప్పటికీ రాసే అవిసెనూనె తడి.