ఏడో బిందె

మార్తమ్మ ఆరో బిందెను గాబులో కుమ్మరించి, చుట్టకుదురు విదిలించి మళ్లీ నెత్తిన పెట్టుకుంది. రేకుల హాల్లో మ్యాట్నీ అప్పటికే నడుస్తోంది. తెరమీద ఒంటెల గంటలు ఇంకా మోగలేదు. అవి మోగేలోగా ఏడో బిందె రావాలి.

పిడుగురాళ్లకు ఆ ఇంగ్లీషు ఎడారి సినిమా రావడం ఇది నాలుగో వేసవి. అందులో మాటలు ఎవరికీ తెలియవు. తెలియాల్సిన పనీ లేదు. సున్నపు బట్టీల దగ్గర నోరెండగట్టుకునే జనం, ఆ తెల్లటి ఇసుక కనపడగానే గొంతులు తడుముకుంటారు. హాలంతా నీళ్లు నీళ్లని కేకలు. బయట ఆమె చేతి నీళ్లు ముట్టనివాళ్లు కూడా ఆ చీకట్లో దోసిళ్లు పడతారు.

ఆ కేకల వల్ల నాలుగేళ్లుగా మార్తమ్మ చూడలేకపోయినది ఒకటుంది. గుంపునంతా బావి దాకా నడిపించిన ముసలి ఒంటెలవాడు చివరికి నీళ్లు తాగాడా, లేదా? తాగాడంటాడు ఆపరేటర్ హబీబ్. లేదు, ఒంటెకు పోశాడంటుంది గేటు దగ్గర టిక్కెట్లు చించే కోటమ్మ. ఇవాళ ఆఖరి ఆట. అరిగిపోయిన రీళ్లు సాయంత్రం రైలెక్కితే ఇక రావని హబీబ్ పొద్దున్నే చెప్పాడు.

"ఆరు చాల్లే అక్కా. మొహం చూడు, ఎట్టా పాలిపోయిందో," అంది కోటమ్మ.

"ఆరైతే మజ్జలో అయిపోతయ్యే. మళ్లా నన్నే లేపుతారు."

క్వారీ గుంటలో నీళ్లు అడుగంటాయి. రాతిమెట్ల మీద మార్తమ్మ రెండుసార్లు కూలబడింది. పొద్దుటినుంచీ ఎడమ భుజం గుంజుతోంది. ఆమె భర్త యోబు ఇదే క్వారీలో రాయికింద పడి నీళ్లడిగాడు. ఆమె బిందెతో చేరేసరికి ఆ నోరు మూతపడింది. పదకొండేళ్లయింది. అప్పటినుంచీ నీళ్లు మోస్తూనే ఉంది.

గట్టెక్కుతుండగా గంటలు వినిపించాయి. బిందె తొణక్కుండా ఎంత వేగంగా నడవగలదో అంత వేగంగా నడిచింది. గాబు నింపి, ఒక చెంబుడు ముంచుకుని, నేల తరగతిలో గుంజకానుకుని ఇసుకలో కూర్చుంది.

"మార్తమ్మా, నీళ్లు," అన్నాడు ముందు వరసలోంచి ఆదెయ్య.

"ఒరేయ్ ఆదెయ్యా, నోరు ముయ్యి," అంది కోటమ్మ. "ఇయ్యాల ఆమె గూడా చూస్తంది."

"గొంతెండి పోతందే."

"నాలుగేళ్లు తాగావుగా. ఓ పూట ఎండనీ."

నలుగురు నవ్వారు. తర్వాత ఎవరూ పిలవలేదు. లేస్తే ఆమెకు తెర కనపడదని గాబు దగ్గరకూ పోలేదు. తెరమీద అందరూ తాగారు. ముసలివాడు చేద తోడి ముందు ఒంటె మూతికి పెట్టాడు. మిగిలిన నీళ్లు అతను దోసిట్లో వంచుకున్నాడు. దోసిలి నోటిదాకా లేచింది.

"తాగాడు," అంది మెల్లగా.

ఆట వదిలాక జనం గాబు మీద పడ్డారు. కోటమ్మ నవ్వుతూ వచ్చింది.

"హబీబూ నేనూ ఇద్దరం గెలిచాంలే అక్కా. లే, గుమ్మాల తెరలు ఎత్తాలి."

భుజం తట్టింది. తట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మార్తమ్మలో ఊపిరి లేదు.

హబీబ్, ఆదెయ్య కలిసి ఆమెను మంచం మీద ఇంటికి మోసుకుపోయారు. గుంజ పక్కన ఇసుకలో ఆమె చెంబు ఉండిపోయింది, అంచుదాకా నీళ్లతో.